ముదిమి, మరపు – ఒక జపాను నవల

విజ్ఞాన విషయాలు చెప్పే పత్రికలో నవలను గురించి వ్రాయటం ఏమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. శాస్త్రజ్ఞుడు చేసే మొదటి పని పరిశీలన. కంటికి కనిపించినదాన్ని తన ఇష్టాయిష్టాలతో కలిపివేయకుండా, ఉన్నది ఉన్నట్లు గుర్తించటమే పరిశీలన. ఈ పని మంచి నవలాకారులు కూడా చేస్తారు. ఒక్కొక్కప్పుడు శాస్త్రం ఇంకా సరిగా పేరు పెట్టుకోని విషయాన్ని కూడా నవల ముందుగా పట్టుకుంటుంది. అటువంటి నవల ఒకటి 1972లో జపానులో వెలువడింది. వ్రాసినవారు సవాకో అరియోషి అనే రచయిత్రి (1931–1984). జపాను భాషలో దాని పేరు 'కోకొత్సు నో హితో'. 'కోకొత్సు' అనే మాటకు ఆనందంతో మైమరచటం అనే అర్థం ఉన్నది. ముదిమిలో మతి చెదరటం అనే అర్థమూ ఉన్నది. మిల్డ్రెడ్ తహారా చేసిన ఆంగ్లానువాదం 'ద ట్వైలైట్ ఇయర్స్' అనే పేరుతో 1984లో వచ్చింది.

ఈ నవల జపానులో పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయింది. 1973లో షిరో తొయోదా దీనిని చలనచిత్రంగా తీశారు. ఇందులో ప్రేమకథ లేదు, హత్య లేదు, యుద్ధం లేదు. ఒక ముసలాయనకు మతి తప్పటం, ఆయనను కోడలు సాకటం, ఇదే కథ అంతా. ఇంతమంది ఎందుకు చదివారు? నవలలో ఉన్న పరిశీలన నేటి వైద్యశాస్త్రం ముందు ఏ మేరకు నిలుస్తుంది? ఈ రెండు ప్రశ్నలను ఇక్కడ విచారిద్దాం.

కథ తోక్యోలో జరుగుతుంది. తాచిబానా వారి ఇంటి ఆవరణలోనే వేరుగా ఉన్న చిన్న ఇంట్లో వృద్ధ దంపతులు ఉంటారు. పెద్ద ఇంట్లో కొడుకు నొబుతోషి, కోడలు అకికో, కళాశాల ప్రవేశ పరీక్షకు చదువుకుంటున్న మనుమడు సతోషి ఉంటారు. నొబుతోషి వర్తక సంస్థలో ఉద్యోగి. అకికో న్యాయవాదుల కార్యాలయంలో టైపు పని చేస్తుంది. మామగారు షిగెజో ఎనభై దాటినవాడు. బ్రతుకంతా అజీర్ణమనీ, అదనీ ఇదనీ సణుగుతూ, కోడలిని సూటిపోటి మాటలతో వేధించినవాడు.

ఒక మంచు రోజున అకికో ఇంటికి వస్తూ మామగారిని వీధిలో చూస్తుంది. అంత చలిలో ఆయన ఒంటిమీద పైకోటు కూడా లేదు. తరువాత ఆయన పెద్దింటికి వచ్చి, ముసలిది లేవటం లేదని, తనకు ఆకలిగా ఉన్నదని చెబుతాడు. అకికో పరుగున వెళ్లి చూస్తే అత్తగారు చనిపోయి పడి ఉన్నది. భార్య పోయినదన్న సంగతి షిగెజోకు ఎక్కదు. అంత్యక్రియలకు వచ్చిన సొంత కూతురు క్యోకోను ఆయన గుర్తుపట్టడు. కొడుకును చూచి ఇంట్లోకి దొంగ చొరబడ్డాడని భయపడతాడు. గుర్తున్నది ఇద్దరే: కోడలు, మనుమడు. ఒకప్పుడు పథ్యం పథ్యం అన్న మనిషి, ఇప్పుడు ఎంత పెట్టినా చాలదంటాడు.

ఇక్కడ రచయిత్రి మొదటి మంచి పరిశీలన కనిపిస్తున్నది. మామగారి స్థితి ఆ ఒక్కరోజులో వచ్చినది కాదు. అత్తగారు బ్రతికి ఉన్నంతకాలం ఆయనకు చేయవలసినదంతా ఆమె చేసిపెడుతూ ఉండటం వలన పెద్దింటివారికి తెలియలేదు. వైద్యులు ఈ సంగతిని నేటికీ తరచుగా చూస్తుంటారు. దంపతులలో ఒకరికి మతి తగ్గుతూ ఉంటే రెండవవారు ఆ లోటును పూడుస్తూ పోతారు. బట్టలు తీసి ఇస్తారు, మాట మరచిపోతే అందిస్తారు, దారి చూపుతారు. పూడ్చేవారు పోయిన రోజున లోటు ఒక్కసారిగా బయటపడుతుంది. చూచేవారికి అది దుఃఖంవలన వచ్చిన మతిభ్రమ అనిపిస్తుంది.

షిగెజో భార్యకోసం ఏడవడు. రాతిగుండె వలన ఇలా జరిగినదని మొదట అనిపించవచ్చు. కాని జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో తెలిసినవారికి ఇందులో వింత లేదు. మెదడులో లోపలివైపు, కణతల భాగంలో, సముద్రపు గుర్రం అనే చిన్న చేప ఆకారాన్ని పోలిన ఒక భాగం ఉన్నది. దీనిని హిప్పోకాంపస్ అంటారు. ఇవాళ జరిగిన సంఘటన రేపటికి నిలవాలంటే ఈ భాగం పనిచేయాలి. షిగెజోవంటి రోగులలో తరచుగా మొదట దెబ్బతినేది ఇదే. అటువంటివారు చిన్ననాటి పాట పాడగలరు, నిన్న ఇంట్లో ఎవరు పోయారో చెప్పలేరు. మృతి అనే వార్త వారికి ప్రతిసారీ క్రొత్త వార్తే, లేదా అసలు వార్తే కాదు. దుఃఖపడటానికి కూడా జ్ఞాపకం కావాలి. పోయినవారు పోయారన్నది మనసులో నిలిస్తేనే దుఃఖం మెల్లమెల్లగా తగ్గుతుంది. నిలువకపోతే అది మొదలూ కాదు, ముగియదు.

కొడుకును మరచి కోడలిని గుర్తుంచుకోవటం నవలాకారిణి కల్పించిన చమత్కారమని కొందరు అనవచ్చు. 1881లో రిబో అనే ఫ్రెంచి పండితుడు, జ్ఞాపకాలు పోయేటప్పుడు క్రొత్తవి ముందు, పాతవి తరువాత పోతాయని చెప్పాడు. ఆ లెక్కన కొడుకే గుర్తుండాలి గదా! అయితే షిగెజోకు గుర్తున్న కొడుకు ఎవరై ఉంటాడు? నల్లని జుట్టున్న కుర్రవాడో, బడికి పోయే పిల్లవాడో అయి ఉండవచ్చు. ఎదుట నిలిచినవాడు నడివయసు మనిషి. జ్ఞాపకంలోని ముఖం, కంటిముందున్న ముఖం కలియకపోతే ఎదుటివాడు అపరిచితుడే. కోడలి విషయం వేరు. ఆమె రోజూ అన్నం పెట్టే చేయి, రాత్రి పలికే గొంతు. పేరూ వరుసా తెలియకపోయినా, రోజూ జరిగే పని వలన ఏర్పడే పరిచయం మెదడులో మరొక దారిన నిలుస్తుంది. 1953లో మూర్ఛరోగానికి శస్త్రచికిత్స చేసి రెండువైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసివేసిన హెన్రీ మోలైసన్ అనే అమెరికను, క్రొత్త సంగతులను గుర్తుంచుకోలేకపోయాడు. అయినా అద్దంలో చూస్తూ బొమ్మ గీయటం అభ్యాసంతో నేర్చుకున్నాడు. నేర్చుకున్నట్లు మాత్రం ఆయనకు గుర్తులేదు. జ్ఞాపకం ఒక్కటే పెట్టె కాదని శాస్త్రం ఆ విధంగా తెలుసుకున్నది.

నవలలో ఎక్కువ భాగం పనుల వర్ణన. షిగెజో రాత్రిళ్లు లేచి కేకలు వేస్తాడు. మూత్రానికి ఆయనను తీసుకుపోవలసి వస్తుంది. అకికో ఆయన ప్రక్కన పడుకుంటుంది, నిద్ర ఉండదు. ఆయన చెప్పకుండా వీధిన పడి పెద్ద రహదారుల వెంట వేగంగా నడచిపోతాడు, ఆమె వెతుకుతూ పరుగెత్తుతుంది. మంచానికి చేరిన తరువాత తువాళ్లు, చాపలు, కడుగుళ్లు. ఉద్యోగానికి పోయే రోజులు ఆమె తగ్గించుకోవలసి వస్తుంది. భర్త ఏమి చేస్తాడు? తండ్రిని చూచినప్పుడల్లా తాను కూడా ఇలాగే అవుతానేమోనని భయపడతాడు. అంతకు మించి చేసేది లేదు. మనుమడు తాతకు కొంత సాయం చేస్తూనే, తల్లిదండ్రులతో మీరు మాత్రం ఇంతకాలం బ్రతకవద్దని మొగమాటం లేకుండా అనేస్తాడు.

ఇంట్లో ఒక మనిషి చనిపోయినా, ఆ అత్తగారిని తలచుకొని దుఃఖపడే తీరిక ఎవరికీ ఉండదు. కుటుంబపు దుఃఖమంతా బ్రతికి ఉన్న మనిషి వైపు తిరుగుతుంది. ఆయన ఎదుటే ఉన్నాడు, తింటున్నాడు, నడుస్తున్నాడు. కాని వారెరిగిన తండ్రి, వారెరిగిన మామగారు కొంచెం కొంచెంగా పోతున్నాడు. శ్మశానం లేని ఈ దుఃఖానికి పది రోజుల మైల లేదు, పరామర్శకు వచ్చే బంధువులు లేరు. ఇటువంటి రోగి ఉన్న ఇళ్లలో సాకేవారికి నిద్రలేమి, కుంగుబాటు ఎక్కువగా ఉంటాయని నేటి వైద్యులు చెబుతారు. అరియోషి ఆ మాట చెప్పదు. అకికో రోజును గంట గంటగా చూపుతుంది. నవలకు బలం ఇక్కడే ఉన్నది.

ఇక వైద్యం సంగతి. అకికో సలహాకోసం ప్రభుత్వ సంక్షేమ శాఖ వారిని అడుగుతుంది. వచ్చిన ఉద్యోగిని చెప్పిన దాని సారాంశం ఇది: ఇది ఒక మానసిక వ్యాధి, పిచ్చాసుపత్రి తప్ప ఇటువంటివారిని చేర్చుకునే చోటు లేదు; లేకపోతే ఇంటి ఇల్లాలే చూచుకోవాలి. నేటి పాఠకునికి ఈ మాటలు కఠినంగా తోస్తాయి. కాని ఆనాటి విజ్ఞానం ఎక్కడ ఉన్నదో చూస్తే, ఆ ఉద్యోగినిని తప్పుపట్టటం సులభం కాదు.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలోయిస్ ఆల్జైమర్ అనే వైద్యుడు 51 ఏండ్ల ఆగస్టె డెటర్ అనే స్త్రీని పరీక్షించాడు. ఆమెకు తన పేరు తప్ప తక్కినవి తికమకగా ఉండేవి. 1906లో ఆమె మరణించిన తరువాత ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో చూచి, నాడీకణాల మధ్య పేరుకున్న మచ్చలను, కణాల లోపల చిక్కుపడిన పోగులను వర్ణించాడు. 1910లో క్రేపెలిన్ అనే మానసిక వైద్య పండితుడు ఈ జబ్బుకు ఆల్జైమర్ పేరు పెట్టాడు. అయితే రోగి నడివయసు స్త్రీ కావటం వలన, ఇది చిన్న వయసువారికి అరుదుగా వచ్చే వ్యాధి అని చాలాకాలం అనుకున్నారు. ముసలివారి మతిమరుపు వేరు, అది వయసు చేసే పని అని వదలివేశారు. 1968లో ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో బ్లెస్డ్, టామ్లిన్సన్, రాత్ అనే ముగ్గురు, మతి తప్పి చనిపోయిన వృద్ధుల మెదళ్లలోనూ అవే మచ్చలున్నాయని, అవి ఎక్కువగా ఉన్నవారిలో మతి ఎక్కువగా తప్పినదని చూపారు. 1976లో అమెరికా వైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్, ముసలివారి చిత్తవైకల్యం, ఆల్జైమర్ వ్యాధి దాదాపు ఒక్కటేనని, ఇది వయసు కాదు వ్యాధి అని గట్టిగా వాదించాడు. ఆ తరువాతనే లోకం దీనిని పెద్ద వ్యాధిగా లెక్కలోకి తీసుకున్నది.

ఈ రెండు సంవత్సరాలకు నడుమనే, 1972లో, అరియోషి నవల వచ్చింది. సామాన్య జనానికి అప్పటికి ఉన్నవి రెండే మాటలు: ముసలితనం, పిచ్చి. మొదటి మాట అంటే చేయవలసినదేమీ లేదని అర్థం. రెండవ మాట అంటే దాచవలసినదని అర్థం. అరియోషి మూడవ మాటను కనిపెట్టలేదు. ఆమె వైద్యురాలు కాదు. కాని ఆ రెండు మాటలూ ఆ ఇంటి అనుభవానికి చాలవని చదివినవారికి తెలిసిపోయేటట్లు వ్రాసింది. లక్షలాది ఇళ్లలో గుట్టుగా ఉన్న సంగతి పదిమందీ మాట్లాడుకునే సంగతి అయింది.

కథలో మలుపు ఒక ప్రమాదంతో వస్తుంది. మామగారికి స్నానం చేయిస్తూ అకికో టెలిఫోను మ్రోగితే వెళుతుంది. తిరిగి వచ్చేసరికి ఆయన తొట్టిలో మునిగిపోయి ఉంటాడు. వైద్యుడు వచ్చి బ్రతికిస్తాడు, న్యుమోనియా వస్తుంది, ఆయన కోలుకుంటాడు. అంతకుముందు, ఈయన ఎప్పుడు పోతాడా అని లోలోపల అనుకున్న అకికో, ఇకమీదట ఈయనను బ్రతికించగలిగినంతకాలం బ్రతికిస్తానని నిశ్చయించుకుంటుంది. దీనికి కారణం భక్తి అని రచయిత్రి చెప్పదు. తన పొరపాటు వలన ఒక ప్రాణం పోబోయిందన్న భయం, తరువాత కలిగిన ఊరట, వీటినుండి పుట్టిన నిశ్చయం అది. కోడలిని దేవతగా చేయకపోవటం వలననే ఆ ఘట్టం నమ్మదగినదిగా ఉన్నది.

మరొకచోట, వర్షంలో ఇంటికి వస్తూ షిగెజో ఆగిపోయి ఒక తెల్లని పువ్వును రెప్పవాల్చకుండా చూస్తూ నిలబడతాడు. మాటలు పోయాయి, మనుషులు పోయారు, కాని అందాన్ని చూచే మనసు పోలేదని అకికోకు తెలుస్తుంది. ఇది కవిత్వమని కొట్టివేయటానికి వీలు లేదు. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఆల్జైమర్ రోగులకు ఏడిపించే చిత్రాలు, నవ్వించే చిత్రాలు చూపారు. కొద్దిసేపటికే వారు చిత్రంలో ఏమి చూచారో దాదాపు మరచిపోయారు. కాని ఆ చిత్రం కలిగించిన విచారమో, సంతోషమో వారిలో ఇంకా నిలిచి ఉన్నది. అంటే కసరుకున్న మాట మరచిపోయినా బాధ మిగులుతుంది, చేసిన మర్యాద మరచిపోయినా హాయి మిగులుతుంది. ఎలాగూ గుర్తుండదు గదా అని రోగి ఎదుట ఏదిబడితే అది అనేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. నవల దీనిని ప్రయోగశాలకన్నా నలభై రెండేండ్ల ముందుగా చూచింది.

నవలలో లోపాలు లేకపోలేదు. నొబుతోషి పాత్ర పలుచగా ఉన్నది. భయపడటం తప్ప అతనికి మరొక గుణం కనిపించదు. ఖాళీగా ఉన్న చిన్న ఇంట్లోకి అద్దెకు దిగిన విద్యార్థి దంపతులు ముసలాయనను చూచుకోవటానికి ఒప్పుకోవటం, అకికోకు చేతులు ఆడని సమయానికి సరిగ్గా అమరిన అదృష్టం. అందరి ఇళ్లకూ అటువంటి అద్దెవారు రారు. చివరి భాగంలో షిగెజో పసిబిడ్డవలె నవ్వుతూ, పంజరంలోని పిట్టను చూచుకుంటూ ఉండిపోతాడు. కొందరు రోగులు ఇలా శాంతించటం నిజమే. కాని మరికొందరు కడదాకా భయంతోను, కోపంతోను బాధపడతారు. ఈ ఒక్క ముగింపును చూచి అందరూ ఇలాగే అవుతారని పాఠకులు అనుకోరాదు. అన్నిటికన్న పెద్ద లోటు, ముసలాయన లోపలినుండి లోకం ఎలా కనిపిస్తుందో నవల చెప్పదు. మనం ఆయనను ఎప్పుడూ కోడలి కళ్లతోనే చూస్తాము. షిగెజో జబ్బు పేరు కూడా నవల నిర్ణయించదు గనుక, అది ఆల్జైమర్ వ్యాధో, మెదడు రక్తనాళాలు పూడటం వలన వచ్చినదో పాఠకులు తేల్చటానికి పూనుకోరాదు.

నవల వచ్చిన తరువాత జపాను ఏమి చేసింది? 1970లో ఆ దేశ జనాభాలో 65 ఏండ్లు దాటినవారు నూటికి 7 మందిని మించారు. 1994 నాటికి 14 మందిని మించారు. ముసలివారిని సాకే భారం ఇంటి కోడలిదే అన్న పద్ధతి ఈ లెక్క ముందు నిలవలేదు. 1997లో చట్టం చేసి, 2000 నుండి దీర్ఘకాల సంరక్షణ బీమా పథకాన్ని అమలులో పెట్టారు. నలభై ఏండ్లు నిండినవారంతా చందా కడతారు. అవసరమైన వృద్ధులకు ఇంటికి వచ్చి సాయం చేసేవారు, పగటి సంరక్షణ కేంద్రాలు లభిస్తాయి. 2004లో ప్రభుత్వం ఈ జబ్బు పేరునే మార్చింది. అంతకుముందున్న 'చిహో' అనే మాటలో మందబుద్ధి అనే నింద ఉండటం వలన, 'నించిషో' అనే మాటను తెచ్చారు. గ్రహణశక్తికి సంబంధించిన జబ్బు అని దాని భావం. ఇదంతా ఒక్క నవల చేసిన పని అనటం అతిశయోక్తి. కాని అకికో పడిన అవస్థను దేశం మాట్లాడుకోవటానికి మొదటి పెద్ద సందర్భం ఈ నవల ఇచ్చినదని చెప్పవచ్చు.

నేడు వైద్యుల చేతిలో ఏమున్నది? జపాను సంస్థలోనే హచిరో సుగిమోతో బృందం తయారుచేసిన డొనెపెజిల్ అనే మందు 1996లో అమెరికాలో అనుమతి పొందింది. అది కొందరిలో లక్షణాలను కొంతకాలం తగ్గిస్తుంది, జబ్బును ఆపదు. 2023లో అనుమతి పొందిన లెకానెమాబ్ మెదడులోని అమిలాయిడ్ మచ్చలను తీసివేసి, తొలి దశలో ఉన్నవారిలో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుంది. మెదడు వాపు, రక్తస్రావం వంటి ప్రమాదాలు దానితో ఉన్నాయి. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. మరొకవైపు, చెవుడు, అధిక రక్తపోటు, మధుమేహం, పొగత్రాగటం, చదువు లేకపోవటం వంటి 14 కారణాలను అరికడితే దాదాపు నూటికి 45 కేసులను నివారించవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చునని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన పండితుల సంఘం అంచనా కట్టింది. మరపు అంతా ఈ జబ్బు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. థైరాయిడ్ లోపం, బి12 విటమిను లోపం, మనోవ్యాకులత వలన వచ్చే మరపు చికిత్సతో తగ్గవచ్చు. అందుకనే ముసలితనమే గదా అని ఊరుకోక వైద్యునికి చూపాలి. తాళపుచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవటం అందరికీ ఉన్నదే. తాళపుచెవి దేనికో మరచిపోతే ఆలస్యం చేయరాదు.

2021లో ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మందికి చిత్తవైకల్యం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉన్నదని 2023లో ప్రచురితమైన ఒక పెద్ద సర్వే తెలిపింది. మన ఇళ్లలో దీనికి ఇంకా చాలాచోట్ల ఛాదస్తం అనే పేరే వాడుకలో ఉన్నది. సాకే పని కూడా ఎక్కువగా ఇంట్లోని ఒక్క స్త్రీ మీదనే పడుతున్నది. తరగతిలో తాతయ్య, నాయనమ్మ ఇలా ఉన్న పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. వారు సిగ్గువలన చెప్పరు. మెదడును గురించిన పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ఈ కథను నాలుగు మాటలలో చెబితే, ఆ పిల్లలకు తమ ఇంటి సంగతి పిచ్చీ కాదు, పరువుతక్కువా కాదు అని తెలుస్తుంది.

నవల చివర షిగెజో మరణిస్తాడు. ఒకప్పుడు తల్లిదండ్రులతో ఎక్కువకాలం బ్రతకవద్దన్న సతోషి, తాత ఇంకొంత కాలం బ్రతికి ఉంటే బాగుండేదని అంటాడు. అప్పటిదాకా పనులలో మునిగి ఉన్న అకికో పంజరాన్ని ఒడిలోకి తీసుకొని అప్పుడు ఏడుస్తుంది. మొదటి ప్రకరణంలో తీరిక దొరకని దుఃఖం ఆ ఇంటికి అక్కడ వస్తుంది. కుర్రవాని మాట మారటానికి ఎవరూ అతనికి నీతి బోధించలేదు. తాతను రోజూ చూడటం, చేయగలిగినది చేయటం, అంతే జరిగింది.